ఆయనకేటి తెల్దు, నన్నడగండి: ఒక జూట్ మిల్లు కేస్ స్టడీ

సర్వే ఫారంలో పద్నాలుగో ప్రశ్న: "మిల్లు పని ఎందుకు ఆగింది?" కింద అయిదు గడులు. లాకౌట్, తొలగింపు, అనారోగ్యం, స్వచ్ఛందంగా మానేశారు, ఇతరం. ఆ ఇంట్లో నేను నాలుగో గడిలో టిక్ పెట్టాను. జవాబు చెప్పింది ఆయన భార్య. ఆయన నా ఎదురుగానే నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన వైపు తిరిగి ఇంకోసారి అడగబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయనకేటి తెల్దమ్మా, నన్నడగండి."

ఆవిణ్నే అడిగాను. ఇరవై నిమిషాల్లో ఫారం అయిపోయింది. టీ ఇచ్చారు. సంచీ సర్దుకుని పక్కింటికి వెళ్లిపోయాను.

ఆ టిక్ తప్పని నాకు తెలిసింది ఏడు వారాల తర్వాత, అదీ అనుకోకుండా. ఒక సోమవారం వేరే పని మీద విజయనగరం కలెక్టరేట్‌కి వెళ్లాను. ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరిగే రోజు. అర్జీల వరుసలో ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో రూళ్ల కాగితం, పెద్ద పెద్ద అక్షరాలు, తన చేతిరాతే. నన్ను గుర్తుపట్టి కాగితం చూపించాడు. అందులో ఉన్నది మూడే ముక్కలు: నేను పని మానలేదు. నన్ను మానేసినాడని రాసుకున్నారు. నాకు పని ఇప్పించండి.

ఆ రాసుకున్న వాళ్లలో నేనూ ఉన్నానని ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

మేం చేస్తున్నది పెద్ద పరిశోధనేం కాదు. జిల్లాలో ఒక జూట్ మిల్లు లాకౌట్ పడి, కొన్ని నెలల తర్వాత తక్కువ మగ్గాలతో మళ్లీ తెరుచుకుంది. తిరిగి పని దొరకని వాళ్ల ఇళ్లకు వెళ్లి మూడు సంగతులు కనుక్కోవాలి. వార్త వాళ్లకు ఎలా చేరింది, వాళ్ల తరఫున ఎవరు మాట్లాడారు, ఇప్పుడు ఇల్లు ఎలా గడుస్తోంది. మిల్లు పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. కొన్ని గుర్తులు మార్చాను. నేను సోషల్ వర్కర్‌ని. మాది శ్రీకాకుళం వైపు. యాస ఒకటే కాబట్టి గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు, వరసలు కలిపేస్తారు. నేను ఆయన్ని బాబాయ్ అన్నాను, ఆవిణ్ని పిన్ని అన్నాను. ఆ చనువు వల్లే పిన్ని మాట దాటి బాబాయ్‌ని అడగాలని నాకు తోచలేదేమో.

జూట్ మిల్లుల గురించి ఈ జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో గోగు విస్తారంగా వేసేవాళ్లు. కట్టలు కట్టి చెరువుల్లో ఊరేసి, కుళ్లిన వాసన మధ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి నార తీసేవాళ్లు. ఆమదాలవలస పరిశోధన స్థానంలో గోగు రకాల మీద ఏళ్ల తరబడి పని జరిగింది. ఆ పంట తగ్గిపోయాక మిల్లులకు నార బెంగాల్ నుంచి రావాల్సి వచ్చింది. అటు చూస్తే 1987 చట్టం ప్రకారం ఆహారధాన్యాలు, కొంత పంచదార గోనెసంచుల్లోనే నింపాలి. అంటే మిల్లులకు పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. నార ధర మిల్లు చేతిలో లేదు, సంచి ధరా లేదు. మధ్యలో మిల్లు చేతిలో ఉన్నది ఒక్క గేటు తాళం. 1994 జనవరిలో నెల్లిమర్లలో జూట్ కార్మికుల ఆందోళన మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఇప్పటికీ ఆ మాట ఇళ్లలో వస్తుంది. కాబట్టి ఇక్కడ మిల్లు మూత వార్త అంటే ఎప్పుడూ రాజకీయ వార్తే. అందరికీ తెలిసే వార్త అనే నేనూ అనుకున్నాను.

లోపల ఎవరికీ వినపడదు

బాబాయ్ మగ్గాల సెక్షన్‌లో ఇరవై తొమ్మిదేళ్లు చేశాడు. జూట్ మగ్గం చప్పుడు విన్నవాళ్లకే తెలుస్తుంది. షటిల్ అటు కొట్టి ఇటు కొట్టి, వరసగా వందల మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే ఛాతీలో కొట్టినట్టుంటుంది. ఎనిమిది గంటల షిఫ్టుకి 90 డెసిబెల్స్ దాటకూడదని లెక్క. శబ్దం వల్ల వచ్చే చెవుడు అప్పటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో వృత్తి వ్యాధిగా ఉండేది. గుర్తించిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాల్సి ఉండేది కూడా. బాబాయ్ చెవులకి మాత్రం ఇరవై తొమ్మిదేళ్లలో ఎవరూ పరీక్ష చేయలేదు. కొత్తలో చెవుల్లో దూది పెట్టుకునేవాడట. తర్వాత అదీ మానేశాడు.

ఆ చప్పుడులో మాట్లాడలేరు కాబట్టి మగ్గాల వాళ్లందరికీ చేతి సైగలు ఉన్నాయి. నూలు తెగింది, బాబిన్ అయిపోయింది, నీళ్లు, టీ, ఈ రోజు ఓవర్‌టైమ్ ఉంది. అన్నిటికీ సైగే. సూపర్‌వైజర్ వస్తున్నాడనడానికి ఏం చేస్తారని అడిగితే బాబాయ్ రెండు చేతులతో పెద్ద బొజ్జ చూపించి నవ్వాడు. పెదాలు చూసి మాట పట్టడం కూడా అక్కడే అలవాటైంది.

దీని గురించి నేను చాలా ఆలోచించాను. మగ్గాల సెక్షన్‌లో ఎవరికీ వినపడదు. కాబట్టి అక్కడ ఆయన చెవిటివాడు కాదు. పనిలో ఎవరికీ తీసిపోలేదు, చెవులు పోతున్నట్టు ఆయనకే చాలా ఏళ్లు తెలియలేదు. లాకౌట్ పడి ఇంట్లో కూర్చున్న నెలల్లో, మాటలతో నడిచే లోకంలో పడ్డాక, ఒక్కసారిగా "చెవిటోడు" అయిపోయాడు. మిల్లు జీతంతో పాటు ఆయన సైగల భాష పనికొచ్చే ఒకే ఒక్క చోటు కూడా పోయింది. ఉద్యోగ నష్టం అన్న గడిలో ఇది ఎక్కడ రాయాలో మా ఫారంలో లేదు.

ఫారంలో ఇంకో తప్పు కూడా ఉంది. ఆరో ప్రశ్న "ఇంట్లో వికలాంగులు ఎవరైనా ఉన్నారా?" పిన్ని "నేరు" అంది, లేరు అని. ఆవిడ అబద్ధం ఆడలేదు. మన ఊళ్లలో ఆ మాటకి అర్థం పింఛను వచ్చే మనిషి అని. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ ఉన్నవాళ్లే వికలాంగులు. ప్రభుత్వం విభిన్న ప్రతిభావంతులు అని పేరు మార్చినా అరుగు మీద అర్థం అదే. మా ప్రశ్న వైకల్యాన్ని అడగలేదు, కాగితం ఉందా అని అడిగింది. జనాభా సర్వేల్లో వాడే వాషింగ్టన్ గ్రూప్ ప్రశ్నల పద్ధతి వేరు. చూడడం, వినడం, నడవడం, గుర్తుంచుకోవడం, సొంత పనులు చేసుకోవడం, ఎదుటివాళ్లతో మాట కలపడం, ఈ ఆరింటిలో ఒక్కోదాని గురించి ఎంత ఇబ్బంది ఉందని అడుగుతాయి. ఏమీ లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను అని నాలుగు జవాబులు. నాకు ఆ పద్ధతి తెలుసు. ఫారం పొడుగైపోతుందని నేనే తీసేయించాను.

గేటు మూసే ఉంది

రెండోసారి వెళ్లినప్పుడు ఫారం పట్టుకెళ్లలేదు. లావు అక్షరాలు రాయడానికి స్కెచ్ పెన్ను, రెండు వందల పేజీల నోటు పుస్తకం పట్టుకెళ్లాను. బాబాయ్ అయిదో తరగతి దాకా చదివాడు. మెల్లగా చదువుతాడు, మెల్లగా రాస్తాడు. నేను రాసేదాన్ని, ఆయన నోటితో జవాబు చెప్పేవాడు. గొంతు కొంచెం పెద్దది, అంతే. ఇరవై నిమిషాల ఫారానికి ఈసారి మూడు పూటలు పట్టింది.

మొదట కనుక్కున్నది వార్త సంగతి. మిల్లు కార్తీక మాసంలో తెరిచారు. పనిలోకి ఎక్కడానికి ఇష్టమున్న పాతవాళ్లు పది రోజుల్లో పేరు రాయించుకోవాలని ఒప్పందం. ఈ సమాచారం నాలుగు దారుల్లో వెళ్లింది. గేటు దగ్గర నోటీసు. యూనియన్ వాట్సాప్ గ్రూపులో నాయకుడి గొంతుతో నాలుగు నిమిషాల వాయిస్. ఒప్పందం కాగితానికి తీసిన ఫోటో. లోకల్ కేబుల్ చానల్‌లో వార్త.

గేటు బాబాయ్ ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. మొదటి రెండు నెలలు వారం వారం సైకిల్ మీద వెళ్లి చూసి వచ్చేవాడు. తర్వాత మానేశాడు. ఆ ఊళ్లో మిల్లుకి వెళ్లేవాళ్లు వేరే లేరు. వాయిస్ ఆయనకి పనికిరాదని వేరే చెప్పక్కర్లేదు. ఫోను కూడా ఆయనది కాదు, ఇంట్లో ఉన్నది ఒక్కటే.

ఇక్కడ నాకు బాధ కలిగించిన సంగతి ఒకటుంది. పదేళ్ల కిందటి దాకా యూనియన్ ఏ కబురైనా కరపత్రం వేసేది. పల్చటి రంగు కాగితం, సగం అచ్చుతప్పులు, కానీ ఇంటింటికీ వచ్చేది. బాబాయ్ దగ్గర ట్రంకు పెట్టెలో అవి ఇప్పటికీ ఉన్నాయి. చదివి దాచుకున్నాడు. వాట్సాప్ వచ్చాక కరపత్రం ఖర్చు దండగ అనుకున్నారు. గొంతు పంపడం ఉచితం, పైగా చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది. ఆ మాటలో నిజం ఉంది. చాలామందికి వార్త దగ్గరైంది. అదే మార్పు ఈయన్ని తెంచేసింది. కొత్త సాధనం వస్తే అందరికీ అందుబాటు పెరుగుతుందని మేం ప్రాజెక్టు ప్రపోజల్‌లో రాసుకున్న వాక్యం నాకు గుర్తొచ్చింది.

ఇక టీవీ. "టీవీలో సూసినాను. గేటు మూసే ఉంది" అన్నాడు బాబాయ్. మొదట నమ్మలేదు. తేదీ పొరపాటు పడుతున్నాడనుకున్నాను. ఆ చానల్ వాళ్ల పాత బులెటిన్లు యూట్యూబ్‌లో ఉంటే వెతికి, ఆ వారం వార్త దొరికించుకుని, మా బృందం ముగ్గురం సౌండ్ మ్యూట్‌లో పెట్టి చూశాం. ఒక నాయకుడు దండ వేయించుకున్నాడు. ఒక కారు ఆగింది. తర్వాత మిల్లు. వార్త చదివేది మిల్లు తెరిచారని. తెర మీద చూపించేది లాకౌట్ నాడు తీసిన పాత క్లిప్పు, గొలుసు వేసిన గేటు, బయట నిలబడ్డ జనం. కింద స్క్రోలింగ్‌లో వేరే జిల్లా ప్రమాద వార్త పరిగెడుతోంది. సౌండ్ లేకుండా చూసిన ఎవరికైనా మిల్లు ఇంకా మూసే ఉంది. ఆయనకి వార్త అందకపోవడం ఒకటే కాదు, తప్పు వార్త అందింది.

టీవీ చానళ్లకు నియమాలు లేవా అంటే ఉన్నాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016, 42వ సెక్షన్ ప్రకారం టీవీ కార్యక్రమాలు సంజ్ఞా భాషతో, క్యాప్షన్లతో అందాలి. వార్తా చానళ్లు రోజుకి ఒక బులెటిన్ అయినా అలా ఇవ్వాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2019లో ప్రమాణాలు పెట్టింది. దూరదర్శన్‌లో బధిరుల వార్తలు 1987 నుంచే ఉన్నాయి. అయితే వయసు వచ్చాక చెవులు పోయిన మనిషికి సంజ్ఞా భాష రాదు. బాబాయ్‌కి వచ్చినవి మగ్గం సైగలు. ఆయనకి కావాల్సింది నిదానంగా ఆగి కనబడే తెలుగు అక్షరాలు. చెవిటివాళ్లకు అందుబాటు అనగానే తెర మూలన ఒక మనిషి చేతులు ఆడించే గుండ్రటి గడి గుర్తొస్తుంది మనకి. అది అవసరమే. కానీ వినపడని వాళ్లంతా ఒక గుంపు కాదు.

నాలుగో దారి, ఒప్పందం ఫోటో. దీని గురించి నాకు నేర్పింది అదే వీధిలో ఉన్న ఒక డిగ్రీ అమ్మాయి. చూపు బాగా తక్కువ, ఫోన్‌లో తెర మీది అక్షరాలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వింటుంది. ఆ ఫోటో పంపితే "అక్కా, ఫోను దీన్ని ఫోటో అనే చదువుతోంది" అంది. సరే అని డీటీపీ షాపు నుంచి టైప్ చేసిన ఫైలే తెప్పించాను. అది పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తో కొట్టింది. కాపీ చేసి పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి పిచ్చిగీతల్లా వచ్చింది. యూనికోడ్ కాని ఫాంటు అంతే, కాగితం మీద తెలుగు, కంప్యూటర్ లోపల తెలుగు కాదు. చివరికి ఆ అమ్మాయే నేను చదువుతుంటే మొత్తం ఫోన్‌లో టైప్ చేసింది. ఆ తర్వాత యూనియన్ వాయిస్‌లు కూడా విని, టైప్ చేసి, బాబాయ్‌కి చూపించడం మొదలుపెట్టింది. మేం చెప్పలేదు. ఈ ప్రాజెక్టు మొత్తంలో నిజంగా పనికొచ్చిన పని అదేనని నా లెక్క.

చెయ్యెత్తాడు

మా రెండో అంశం ప్రాతినిధ్యం. యూనియన్ రిజిస్టరు చూస్తే ఈ కేసులో లోపమే కనపడదు. నాయకులు యాజమాన్యంతో చర్చించి ఏ ఒప్పందానికైనా రావచ్చని జనరల్ బాడీ తీర్మానం చేసింది. హాజరైన వాళ్ల సంతకాల్లో బాబాయ్ సంతకం ఉంది. తీర్మానం ఏకగ్రీవం.

"మైకులో ఏటి సెప్పినారో తెల్దు. అందరూ సెయ్యెత్తినారు, నానూ ఎత్తినాను."

దేనికి ఎత్తావనుకున్నావు అని రాసి అడిగాను. పండక్కి బియ్యం ఇస్తారేమో అనుకున్నాడట.

కార్మిక శాఖ అధికారి సమక్షంలో అలా కుదిరిన ఒప్పందం చట్టం ప్రకారం మిల్లులో అందరికీ వర్తిస్తుంది, సభ్యుడు కాకపోయినా. అందుకే ఆ చెయ్యెత్తడం చిన్న విషయం కాదు.

పేర్లు రాసుకునే పది రోజుల్లో యూనియన్ ఆఫీసుకి బాబాయ్ తమ్ముడు వెళ్లాడు. జాబితాలో బాబాయ్ పేరుకి ఎదురుగా పెన్సిల్‌తో రాసి ఉంది: రాను అన్నాడు, తమ్ముడు చెప్పెను. తర్వాత ఆ పెన్సిల్ రాత మిల్లు ఆఫీసులో "స్వచ్ఛందంగా మానివేసెను" అని టైప్ అయింది. ఆ తర్వాత నా ఫారంలో టిక్ అయింది.

ఇంట్లోవాళ్లు ద్రోహం చేశారని తేల్చేయడం తేలిక. పిన్నితో విడిగా కూర్చున్నాను. ఆవిడ మొదట మాట్లాడలేదు. తర్వాత అంది, "ఆ మిల్లు ఆయన సెవులు తినేసింది. మల్లీ అంపితే మడిసే మిగల్డు." ఆయన రాడని మరిదితో చెప్పించింది ఆవిడే. ఇంట్లో ఆయనకి చెప్పకపోవడానికి కారణం అడిగితే, చెప్పాలంటే అరవాలి, అరిస్తే వీధంతా వింటుంది, విన్నాక గొడవ పడతాడు అంది. ఆయన తమ్ముడి కొడుకు అదే నెలలో మిల్లులో బదిలీ కార్మికుడిగా, అంటే రానివాళ్ల బదులు పనిచేసేవాడిగా, చేరాడన్నది కూడా నిజం. రెండింటికీ సంబంధం ఉందో లేదో నేను తేల్చలేను. పిన్ని మాటల్లో ప్రేమ ఉంది, భయం ఉంది. వాటితో పాటు, ఆయన జీవితంలో పెద్ద నిర్ణయం ఆయన లేకుండా జరిగిపోయింది.

సంక్రాంతికి వచ్చిన అల్లుడు మాటల్లో పడి ఫోన్‌లో మిల్లు ఫోటో చూపించేదాకా బాబాయ్‌కి తెలియదు.

ఎన్నికల నియమావళిలో ఒక ఏర్పాటు ఉంది, 49ఎన్ అంటారు. చూపు లేని, లేదా శక్తి చాలని ఓటరు తన తోడుని వెంట తీసుకెళ్లి ఓటు వేయించుకోవచ్చు. కానీ ఆ తోడు ఓటు రహస్యం కాపాడతానని రాసి ఇవ్వాలి. ఒకే రోజు ఒకరికి మించి తోడు వెళ్లకూడదు. వేరొకరి నోటితో మాట్లాడేటప్పుడు హద్దు ఉండాలని ఆ నియమం రాసినవాళ్లకి తెలుసు. మా సర్వేలో ఆ మాత్రం హద్దు కూడా లేదు. మేం వెళ్లిన ఇళ్ల ఫారాలు మళ్లీ తిరగేసి, జవాబు ఎవరు చెప్పారో గుర్తు చేసుకుంటూ రాసుకున్నాం. వినికిడి, చూపు, పక్షవాతం ఇబ్బంది ఉన్న ఒక్క ఇంట్లో కూడా ఆ మనిషి నోటి నుంచి జవాబు తీసుకోలేదు. అన్ని ఇళ్లకూ మళ్లీ వెళ్లాం. కొన్ని జవాబులు మారలేదు. ఖర్చుల లెక్క దాదాపు అలాగే ఉంది. మారినవి "ఎందుకు", "ఎవరు నిర్ణయించారు" అన్న ప్రశ్నల జవాబులు.

స్థానిక సంస్థల్లో వైకల్యం ఉన్నవాళ్లకు మన రాష్ట్రంలో సీట్ల కేటాయింపు లేదు. మహిళలకు సగం సీట్లు 2011 నుంచి ఉన్నాయి. తమిళనాడు 2025లో వైకల్యం ఉన్నవాళ్లను స్థానిక సంస్థలకు నామినేట్ చేసేలా చట్టం మార్చింది. మంచిదే. అయితే ఈ కేసు చూశాక నా దృష్టి కుర్చీ మీద కంటే మైకు మీద పడింది. గ్రామసభ, యూనియన్ మీటింగు, ఎన్నికల ప్రచారం, అన్నీ మైకు మీదే నడుస్తాయి. బాబాయ్‌కి వీటన్నిటిలో తేలిగ్గా అందింది కలెక్టరేట్ అర్జీ. కాగితం రాయాలి, కాగితం మీద రసీదు వస్తుంది. మనం విసుక్కునే కాగితాల వ్యవహారం ఆయనకి అనుకూలం. వాత్సల్యంగా భుజం మీద చెయ్యేసి మాట్లాడే నాయకుడి దగ్గర ఆయనకి దక్కింది మాత్రం చెయ్యెత్తడమే.

మానేయడం, తీసేయడం

ఈ రెండు మాటల మధ్య తేడా డబ్బు. అప్పటికి నడుస్తున్నది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. (2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది.) ఆ పాత చట్టం 25ఎఫ్ సెక్షన్ ప్రకారం కార్మికుణ్ని తీసేస్తే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. పైగా పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం. తనంతట తాను మానేస్తే ఇదేదీ లేదు. గ్రాట్యుటీ మాత్రం ఎలా మానినా వస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషికి అదే ముందు దొరికింది, అది కూడా దరఖాస్తు పెట్టాకే.

రాలేదు కాబట్టి మానేసినట్టే అనడం కుదరదని సుప్రీంకోర్టు 1993లో డి.కె. యాదవ్ కేసులో చెప్పింది. సంస్థ ఉద్యోగ నియమాల్లో (స్టాండింగ్ ఆర్డర్స్) అలా రాసి ఉన్నా, కార్మికుడి వాదన వినకుండా ఉద్యోగం తీసేయకూడదు. వాదన వినడం అన్న మాట దగ్గర నేను కొంచెంసేపు ఆగిపోయాను. ఒక్క కార్మికుడే అయినా ఆ పాత చట్టం 2ఎ సెక్షన్ కింద తన తొలగింపు మీద వివాదం వేయగలిగేవాడు. రాజీ కుదరకపోతే నలభై అయిదు రోజుల తర్వాత నేరుగా లేబర్ కోర్టుకి, ఈ ప్రాంతం వాళ్లకైతే విశాఖపట్నం, వెళ్లే వీలుండేది. తొలగించిన తేదీ నుంచి మూడేళ్ల లోపు వెళ్లాల్సి ఉండేది. లాయరు సలహాతో అలాగే వేశాం.

ఈలోగా విశాఖ ఈఎన్‌టీ ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేయించాం. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి. సర్టిఫికెట్ వచ్చింది. నలభై శాతం దాటితే పింఛను అర్హత, 2024 జూలై నుంచి నెలకి ఆరు వేలు. దరఖాస్తు పెట్టించాను. ఇది నేను ఊహించని మలుపు తిరిగింది. ఆ మాట తెలిసిన మరుసటి వారమే యూనియన్ ఆఫీసులో ఒకాయన, "పింఛను వచ్చేస్తాదంట కదా, మరింక పనెందుకు?" అన్నాడు. మిల్లు వైపు నుంచి అయితే, చెవులు వినపడని మనిషిని యంత్రాల దగ్గర పెట్టడం ప్రమాదం అన్నారు. ఇరవై తొమ్మిదేళ్లు లేని ప్రమాదం సర్టిఫికెట్‌తో వచ్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదన్న 2016 చట్టం 20వ సెక్షన్ రక్షణ ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు మిల్లుకి అది అంటదు. మళ్లీ ఇలాంటి కేసు వస్తే సర్టిఫికెట్ ముందా, వివాదం ముందా అన్నది కార్మికుడితో కూర్చుని ఆలోచించాకే కదులుతాను. ఈసారి నేను మేలు చేస్తున్నాననుకుని అడక్కుండా ముందుకెళ్లాను. అవును, అడక్కుండా.

పిన్ని నాతో ఇప్పుడు సరిగా మాట్లాడదు. "మా ఇంటి మాట బయటేసినావు" అంది ఒకసారి. ఆవిడ కోణంలో నిజమే. అయినా వెళ్తే టీ పెడుతుంది.

రాజీ చర్చల మొదటి రోజు గదిలో ఆరుగురం ఉన్నాం. మిల్లు తరఫు మనిషి మాట్లాడాడు. కార్మిక శాఖ అధికారి బాబాయ్ వైపు చూసి ఏదో అడిగారు. బాబాయ్ ఆయన పెదాల వైపు చూశాడు, పట్టుకోలేకపోయాడు. అధికారి నా వైపు తిరిగి, "ఏమంటాడు?" అన్నారు. నేను వెంటనే మొదలుపెట్టేశాను. అసలు ఆయనకి ఒప్పందం సంగతే తెలియదండీ, ఇంట్లోవాళ్లు... అంటూ నాలుగైదు వాక్యాలు చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను కూడా.

బాబాయ్ నా మోచేతి మీద తట్టాడు. నోటు పుస్తకం తెరిచి, ఖాళీ పేజీ తీసి, స్కెచ్ పెన్ను మూత తీసి, బల్ల మీద అధికారి ముందుకి జరిపాడు.

అధికారి ఒక్క క్షణం ఆగి పెన్ను తీసుకున్నారు. రాశారు: మిల్లు తెరిచారని మీకు ఎప్పుడు తెలిసింది?

బాబాయ్ ప్రతి అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. జవాబు రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

సంక్రాంతికి. అల్లుడు సెప్పినాడు.

ఆ పేజీని చింపి, తేదీ వేసి, ఫైల్లో పెట్టారు. తర్వాతి వాయిదాకి మిల్లు వాళ్లు తమ్ముడు ఇచ్చిన కాగితం ఏదైనా ఉంటే తేవాలి.